రంగుబిళ్ళల బిస్కట్లు: పిల్లల ప్రశ్నలు, కెమిస్ట్రీ జవాబులు

యూనియన్ కుర్రాళ్ళు సావనీరుకు వ్యాసం కావాలని వచ్చినప్పుడు ఒక్కటే షరతు పెట్టారు. "సబ్జెక్టు మీ ఇష్టం సార్, పరీక్షలో వచ్చేది మాత్రం వద్దండి" అన్నారు. ఆ మాట పట్టుకుని ఆలోచించగా నాకు బిస్కట్లు తోచాయి. బిస్కట్లు పరీక్షలో రావు. బిస్కట్లలో ఉన్నవన్నీ వస్తాయి, అది వేరే సంగతి.

నేను చెప్పబోయేవి బజారు బిస్కట్లు కావు. ఇంట్లో పిల్లల చేత పిండి కలిపించి, ఉండలు చేయించి, పైన జెమ్స్ వంటి రంగురంగుల చాక్లెట్ బిళ్ళలు అద్దించి కాల్చుకునే మెత్తటి బిస్కట్లు. ప్రతి వేసవికీ మా అక్క పిల్లలిద్దరూ మా ఇంటికి వస్తారు. పెద్దవాడికి పదేళ్ళు, చిన్నదానికి ఆరు. మా ఆవిడ ఒక పూట వంటగదిని మా ముగ్గురికీ అప్పగించి, "గిన్నెలు మీరే తోముకోవాలి" అనే ఒడంబడిక మీద పక్కింటికి వెళ్ళిపోతుంది. ఈ పనిలో చేతులకన్నా నోటికే ఎక్కువ శ్రమ. మెట్టు మెట్టుకీ ఆ చిన్నది "ఎందుకు మావయ్యా?" అంటుంది.

మన ప్రాక్టికల్ క్లాసులో ఆ ప్రశ్న వినపడి ఎన్నాళ్ళయిందో! బ్యూరెట్టును ముందు ఆ ద్రావణంతోనే ఎందుకు కడగాలోయ్ అని అడిగితే "మాన్యువల్లో ఉంది సార్" అంటారు మనవాళ్ళు. ఆరేళ్ళ పిల్ల దగ్గర ఆ జవాబు చెల్లదు. "పుస్తకంలో ఉందమ్మా" అంటే "పుస్తకంలో ఎందుకుంది?" అని వస్తుంది తిరుగుటపాలో.

ముందు కాస్త పుట్టుపూర్వోత్తరాలు. బిస్కట్ అనే మాటకు మూలం లాటిన్, రెండుసార్లు కాల్చినది అని అర్థం. కుకీ అనేది డచ్చి మాట, చిన్న కేకు అని అర్థం. 1930లలో అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని విట్‌మన్ అనే ఊళ్ళో, టోల్‌హౌస్ అనే పూటకూళ్ళ ఇల్లు నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ అనే ఆవిడ వెన్నపిండిలో చాక్లెట్ ముక్కలు కలిపి కాల్చి ప్రసిద్ధి కెక్కింది. అది పొరపాటున పుట్టిన వంటకమని కథలు చెబుతారు గాని, గృహవిజ్ఞానం చదివి వంటపుస్తకం రాసిన మనిషి విషయంలో నేనా కథ నమ్మను. రంగుబిళ్ళలూ ఇంచుమించు ఆ రోజులవే. ఇంగ్లండులో యార్క్ పట్టణపు రౌన్‌ట్రీ కంపెనీ వారి స్మార్టీస్‌కు ఆ పేరు 1937లో వచ్చింది. అమెరికాలో ఎం అండ్ ఎం 1941లో వచ్చాయి. ఆ రెండు 'ఎం'లూ ఫారెస్ట్ మార్స్, బ్రూస్ మరీ అనే భాగస్వాముల ఇంటిపేర్లలో మొదటి అక్షరాలు. చాక్లెట్‌కు చక్కెర పెంకు తొడిగితే వేడికి కరిగి చేతికంటుకోదు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైనికులకు ఆ బిళ్ళలు అందుకే పనికొచ్చాయి.

మన దేశంలోనూ ఈ కుకీకి చుట్టాలున్నారు. నాన్‌ఖటాయి ఉంది, హైదరాబాదు ఉస్మానియా బిస్కట్టుంది. హైదరాబాదు ఫ్రూట్ బిస్కట్లలో మెరిసే ఎర్ర, పచ్చ ముక్కలున్నాయే, టూటీఫ్రూటీ, అవి సాధారణంగా పచ్చి బొప్పాయిని పంచదార పాకంలో ఉడికించి రంగు పట్టించినవి. ఈ సంగతి చెబితే మా పెద్దవాడు రెండు రోజులు వాటిని అనుమానంగా చూశాడు. మూడోరోజు మామూలే.

ఇక పనిలోకి వద్దాం. సుమారు ఇరవై బిస్కట్లకు వెన్న 100 గ్రాములు, పంచదార 100 గ్రాములు, మైదా 170 గ్రాములు, ఒక గుడ్డు, పావు చెంచా తినేసోడా, నాలుగు చుక్కలు వెనిలా ఎసెన్సు. రంగుబిళ్ళలు ఒక అరవై. బజారులో దొరికే పసుపుపచ్చ వెన్నలో ఉప్పు ఉండనే ఉంటుంది కాబట్టి మళ్ళీ ఉప్పు వేయనక్కరలేదు. మా అమ్మ గుడ్డు ముట్టదు గనక ఆవిడ కోసం గుడ్డుకు బదులు రెండు మూడు చెంచాల పాలు పోసి ఒక వాయి వేరే చేస్తాం. అవి కొంచెం గుల్లగా, విరిగేట్టుగా ఉంటాయి. గుడ్డులోని ప్రోటీను వేడికి గడ్డకట్టి పిండిని పట్టి ఉంచుతుంది, పాలకు అంత శక్తి లేదు.

మొదట వెన్ననూ పంచదారనూ కలిపి గిలకొట్టాలి. ఇది పెద్దవాడి పని, అయిదు నిమిషాలకు వాడి చెయ్యి పడిపోతుంది. ఎందుకింత గిలకొట్టడం? పంచదార పలుకుల గరుకు అంచులు వెన్నలో దూసుకుపోతూ వెంట గాలిని లాక్కుపోతాయి. లక్షల సన్నని బుడగలు వెన్నలో చిక్కుకుంటాయి. తరవాత సోడా నుంచి వచ్చే వాయువు ఈ బుడగల్లో చేరి వాటిని పెద్దవి చేస్తుందే గాని, కొత్త బుడగలను పుట్టించే పని పెద్దగా చేయదు. అంచేత చేతి కష్టం తగ్గించి సోడా పెంచుదామనుకునేవారికి లాభం ఉండదు.

ఇక్కడే మన ఎండాకాలం వచ్చి అడ్డం పడుతుంది. విదేశీ వంటపుస్తకాల్లో "వెన్న గది ఉష్ణోగ్రతలో ఉండాలి" అని రాస్తారు. వాళ్ళ గది అంటే సుమారు 20 డిగ్రీలు. మే నెలలో మన గది 38 డిగ్రీలు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. అంటే వాళ్ళ పుస్తకంలోని మాటను మనం అక్షరాలా పాటిస్తే చేతిలో మిగిలేది నూనె. నూనెలో గాలి నిలవదు. పుస్తకం చెప్పిన పద్ధతి సరైనదే, చెప్పిన ఊరు వేరు. కాబట్టి మనం వెన్నను ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకే, వేలితో నొక్కితే గుంట పడి జారకుండా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఉండలు చేశాక మళ్ళీ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఈ అరగంట దగ్గర పిల్లలు తిరగబడతారు. వాళ్ళకు ఉపన్యాసం చెప్పేకన్నా చూపించడం సులువు. రెండు ఉండలు బల్లమీద వదిలేసి, మిగతావి చల్లబరచి, అన్నీ ఒకే పళ్ళెంలో కాల్చాం. బల్లమీదవి అప్పడంలా పరుచుకుని పక్కవాటికి అంటుకున్నాయి. చల్లబరచినవి గుండ్రంగా, మందంగా నిలిచాయి. మైదాలోని గంజిపదార్థం, గుడ్డు వేడికి బిగుసుకునేలోపు వెన్న కరిగి పారిపోతే బిస్కట్టు పరుచుకుంటుంది, వెన్న ఆలస్యంగా కరిగితే ఆకారం నిలుస్తుంది. ఇద్దరు పరుగెత్తే పందెం అన్నమాట. ఆ మాట చిన్నదానికి నచ్చి, పొయ్యి అద్దంలోంచి చూస్తూ "వెన్న గెలుస్తోంది" అని వ్యాఖ్యానం చెప్పింది.

మైదా వేశాక చపాతీ పిండిలా పిసకకూడదు. మైదాలో గ్లూటెనిన్, గ్లయడిన్ అని రెండు ప్రోటీన్లు ఉంటాయి. నీటితడి తగిలి, చేత్తో మర్దించేకొద్దీ అవి కలిసి గ్లూటెన్ అనే సాగే వల అవుతాయి. చపాతీకి ఆ సాగుడు కావాలి, బిస్కట్టుకు పనికిరాదు, గట్టిపడిపోతుంది. పొడి కనపడకుండా పోగానే ఆపేయాలి. పిల్లలకు ఆపడమే కష్టం సుమా!

సోడా సంగతి మన కాలేజీ వాళ్ళకు వేరే చెప్పాలా? సోడియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కార్బన్ డయాక్సైడూ, నీరూ, సోడియం కార్బొనేటూ ఇస్తుంది. మొదటి రెండూ బిస్కట్టును పొంగిస్తాయి. మూడోది లోపలే ఉండిపోతుంది. సోడియం కార్బొనేట్ అంటే ఎవరో కాదు, చాకలిసోడా. పావు చెంచాకు బదులు రెండు చెంచాలు వేసిన బిస్కట్టు సబ్బు రుచి ఎందుకు వస్తుందో ఇప్పుడు తెలిసిందిగా. అయితే కొద్దిపాటి క్షారం వల్ల ఒక మేలుంది, బిస్కట్టుకు బంగారు రంగు త్వరగా ఎక్కుతుంది. పిండిలోని ప్రోటీన్ల అంశాలూ కొన్ని రకాల చక్కెరలూ వేడికి కలిసి గోధుమరంగునూ, కమ్మని వాసననూ ఇస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో దీన్ని వివరించాడు కనుక మయ్యార్ చర్య అంటారు. చపాతీ మీది మచ్చలు, వేయించిన వేరుశనగలు, కాఫీ గింజల వాసన అన్నిటిలోనూ దాని చెయ్యి ఉంది. 140 డిగ్రీలు దాటితే చురుగ్గా సాగుతుంది. అందుకే ఉడకబెట్టిన కుడుముకు ఆ రంగు రాదు, నీరు 100 డిగ్రీలు దాటనివ్వదు.

పొయ్యిని 170 డిగ్రీల దగ్గర ముందే వేడిచేసి ఉంచుకుని పది, పన్నెండు నిమిషాలు కాల్చాలి. కరెంటు ఓవెన్ లేనివారు దిగులుపడనక్కరలేదు. మందపాటి డేగిశాలో రెండంగుళాల ఇసుక పోసి, మీద ముక్కాలి పెట్టి, మూతవేసి పావుగంట సెగ మీద ఉంచితే చాలు, చాలాకాలం మా ఇంట్లో అదే ఓవెన్. బిస్కట్లు పొయ్యిలోంచి తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, "ఇంకా ఉడకలేదు" అని మళ్ళీ పెడితే చల్లారాక రాయి అవుతాయి. అంచులు రంగు తిరిగి నడిమి మెత్తగా ఉన్నప్పుడే తీయాలి. చల్లారేకొద్దీ పాకమూ వెన్నా గట్టిపడతాయి.

పిల్లలతో చేసేవారికి రెండు మూడు మాటలు ఖచ్చితంగా చెప్పాలి. పొయ్యి తెరవడం, పళ్ళెం తీయడం పెద్దల పని. మా ఇంట్లో నేల మీద సుద్దతో ఒక గీత ఉంటుంది, పొయ్యి తెరిచినప్పుడు గీత దాటకూడదు. పచ్చిపిండి నాకనివ్వకూడదు. గుడ్డు సంగతి అందరికీ తెలుసు గాని, పచ్చి మైదా కూడా సూక్ష్మజీవులు లేని వస్తువేమీ కాదు. అమెరికాలో 2016లో పచ్చి పిండి వల్ల ఈ.కోలి వ్యాపించి జనం జబ్బుపడ్డారు. నాలుగేళ్ళలోపు పిల్లలకు గుండ్రటి గట్టిబిళ్ళలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, వాళ్ళకు ఉత్త బిస్కట్టు చాలు.

ఇప్పుడు అసలు కథానాయకులు, రంగుబిళ్ళలు. మధ్యలో చాక్లెట్ గింజను తిరిగే గిన్నెలో దొర్లిస్తూ, కొంచెం కొంచెంగా పంచదార పాకం చల్లుతూ, గాలితో ఆరబెడుతూ పొర మీద పొర ఎక్కిస్తారు. చివరి పొరల్లో రంగు వేస్తారు. ఆఖరున మెరుపుకోసం మైనం పట్టిస్తారు, తరచు బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం. ఇదేదో గొప్ప విదేశీ విద్య అనుకోకండి. భోజనం తరవాత నోట్లో వేసుకునే రంగురంగుల సోంపు మిఠాయి ఉందే, దాని పద్ధతీ అదే. చాక్లెట్ బదులు లోపల సోంపుగింజ, అంతే.

వీటిని పిండిలో కలిపేసి కాలిస్తే రెండు అనర్థాలు. పిండిలోని తడికి చక్కెర పెంకు కరిగి రంగు కారుతుంది. లోపలి చాక్లెట్ కరిగి ఉబ్బేసరికి పెంకు పగులుతుంది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగితే పరిమాణం పెరుగుతుంది, పెంకుకు సాగే గుణం లేదు. దీన్ని పిల్లలే కనిపెట్టేటట్టు మూడు వరసలు పెట్టించాను. మొదటి వరసకు కాల్చకముందు, రెండోదానికి సగం కాలాక, మూడోదానికి పొయ్యిలోంచి తీసిన మరుక్షణం బిళ్ళలు అద్దాం. మొదటి వరసలో పగుళ్ళు ఎక్కువ, రంగు మాసింది. మూడో వరస కొత్త పెళ్ళికూతురులా ఉంది గాని కొన్ని బిళ్ళలు ఊడి వచ్చాయి. సగంలో అద్దినవే నయమని పెద్దవాడు తేల్చాడు. ఒక పక్కన సోంపు మిఠాయి చల్లి చూశాం. రంగు కొంచెం కారింది గాని పెంకు పగల్లేదు, లోపల కరిగేదేమీ లేదు కదా. ఈ నిర్ధారణ మాత్రం చిన్నదే చేసింది, నేను నోరు విప్పలేదు.

ఇంతవరకూ వేడుక. ఈ వేసవిలో పిల్లల్ని దింపడానికి వచ్చిన అక్క నన్ను పక్కకు పిలిచి, "ఒరేయ్, ఈసారి ఆ రంగులు వద్దురా. బళ్ళో టీచరు దీనికి నిలకడ లేదంటోంది. రంగు తిండి వల్లేనని ఎవరో చెప్పారు" అంది. అక్క కంగారు అబద్ధం కాదు. కెమిస్ట్రీ చెప్పుకు బతికేవాణ్ణి, "అదంతా పుకారులే" అని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. తెలిసినదేదో తెలిసినట్టు చెప్పాలి.

తెలిసినది ఇది. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వారు మూడేళ్ళవాళ్ళనూ, ఎనిమిది తొమ్మిదేళ్ళవాళ్ళనూ, మొత్తం మూడువందలకు దగ్గరగా పిల్లల్ని పరీక్షించారు. కొన్ని కృత్రిమ రంగులనూ, సోడియం బెంజోయేట్‌నూ కలిపిన పానీయాన్నీ, అవేవీ లేని పానీయాన్నీ, ఏది ఏదో తెలియకుండా ఇచ్చారు. రంగులు తాగినప్పుడు సగటున చురుకు కాస్త మితిమీరింది. అయితే ఆ తేడా చిన్నది, అందరు పిల్లల్లోనూ ఒకేలా లేదు. రంగుతోపాటు బెంజోయేట్ కూడా ఉంది గనక ఏ ఒక్క రంగునూ దోషి అనలేం. ఐరోపా ఆహార భద్రతా సంస్థ అది పరిమితమైన ఆధారమనే అంది. అయినా 2010 జూలై నుంచి ఐరోపాలో ఆ ఆరు రంగులున్న తినుబండారాల మీద పిల్లల చురుకుదనం, ఏకాగ్రతల మీద చెడు ప్రభావం ఉండవచ్చనే హెచ్చరిక అచ్చువేయాలని నియమం వచ్చింది. ఆ ఆరింటిలో టార్ట్రజీన్, సన్‌సెట్ యెల్లో, కార్మోసిన్, పాన్సో 4ఆర్ అనే నాలుగూ మన దేశంలో అనుమతి ఉన్నవే. అనుమతికి మోతాదు కట్టడి కూడా ఉంది.

భయం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. అమెరికాలో 1976లో అమరాంత్ అనే ఎర్ర రంగును నిషేధించారు. ఎం అండ్ ఎం బిళ్ళల్లో ఆ రంగు అసలు లేదు. అయినా జనం బెదిరిపోతారని కంపెనీవారు ఎర్రబిళ్ళనే తీసేశారు, 1987 దాకా అది తిరిగి రాలేదు. రెండో పక్క కూడా చూడాలి. బ్రిటన్‌లో స్మార్టీస్‌లోంచి 2006లో కృత్రిమ రంగులు తీసేసినప్పుడు నీలానికి సహజమైన బదులు దొరక్క నీలిబిళ్ళ మాయమైంది, 2008లో స్పైరులినా అనే నీటినాచు నుంచి తీసిన నీలంతో మళ్ళీ వచ్చింది. అంటే కావాలనుకుంటే దారి దొరుకుతుంది. ఎరిత్రోసిన్ అనే మరో ఎర్ర రంగును అమెరికా 2025 జనవరిలో ఆహారం నుంచి తొలగించమని ఆదేశించింది.

అక్కకు నేను చెప్పింది ఇదే. పిల్ల నిలకడలేనితనానికి కారణం వెతకాల్సింది డాక్టరు, బిస్కట్టు మీద నెపం వేసి ఊరుకోకు. రంగు వల్ల తేడా నీ కంటికి కనబడితే మానేద్దాం. ఒక్క వేసవి పూట నాలుగు బిళ్ళల కన్నా రోజూ తాగే రంగుపానీయం పెద్ద లెక్క. అన్నిటికన్నా ముందు తిరనాళ్ళలో పేరూ ఊరూ లేకుండా విడిగా అమ్మే మిఠాయిల మీద కన్నేసి ఉంచు. రోడమీన్ బి, మెటానిల్ యెల్లో వంటివి తినే రంగులే కావు. పీచుమిఠాయిలో రోడమీన్ దొరికే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం దాని అమ్మకం నిషేధించింది. అక్క పూర్తిగా ఒప్పుకోలేదు. మనిషికి నాలుగు బిళ్ళలకు రాజీ కుదిరింది.

ఆ రాజీలోంచి ఒక కొత్త ఆట పుట్టింది. పెట్టె మీద సన్నటి అక్షరాల్లో ఉండే అంకెలను పిల్లలు చదవడం నేర్చారు. 102 టార్ట్రజీన్, 110 సన్‌సెట్ యెల్లో, 133 బ్రిలియంట్ బ్లూ, 100 అంటే మన పసుపులోని కర్క్యుమిన్, 162 అంటే బీట్‌రూట్ ఎరుపు. కిరాణా కొట్లో ఆ చిన్నది పెట్టె తిప్పి చదువుతుంటే కొట్టాయన మొహం చూడాలి!

బిళ్ళలు తగ్గించాం గనక పిండికే ఇంటి రంగు వేద్దామని పసుపు కలిపారు. కాలి వచ్చేసరికి పసుపుపచ్చ పోయి ఇటుకరంగు దిగింది. సోడా క్షారం కదా! పసుపూ సున్నమూ కలిపితే పారాణి ఎర్రబడే కారణమే ఇక్కడా. సోడా మానేసి చేస్తే పసుపుపచ్చ నిలిచింది. బీట్‌రూట్ రసం వేడికి వెలిసి మట్టిరంగు తిరుగుతుంది, కనుక దాన్ని కాల్చాక పైన పూసే పంచదార పూతలో వాడాలి. శంఖపుష్పం నీలం కూడా అంతే, పైపూతకే బాగుంటుంది, ఒక్క నిమ్మచుక్క వేస్తే ఊదా అవుతుంది. మా చిన్నది ఆ ఒక్క చుక్కకోసం నిమ్మకాయలు మూడు పాడుచేసింది.

బిస్కట్లు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, వెచ్చగా ఉండగా మూతవేస్తే ఆవిరి దిగి రంగులు కారతాయి. పంచదార గాలిలోని తడిని పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో మూత బిగువుగా ఉండాలి. వారం, పది రోజులు నిలవ ఉంటాయని చెప్పగలను గాని, మా ఇంట్లో మూడోరోజు దాకా చూసే అవకాశం ఇంతవరకూ రాలేదు.